మోటుపల్లి వెళ్ళొచ్చాం: చీరాల పక్కన ఉన్న కాకతీయుల ఓడరేవు ఊరు, నా రివ్యూ

వీకెండ్‌కి చీరాల వైపు వెళ్ళేవాళ్ళలో చాలామంది వాడరేవులోనో రామాపురంలోనో రూమ్ తీసుకుని, సముద్రంలో మునిగి, చేపలు తిని వచ్చేస్తారు. దాంట్లో తప్పేం లేదు, మేం కూడా ఎన్నోసార్లు అదే చేశాం. కానీ అక్కడి నుంచి ఒంగోలు వైపు ఇంకాస్త ముందుకెళ్తే చినగంజాం మండలంలో మోటుపల్లి అని ఒక చిన్న ఊరు ఉందండి, ఇప్పుడు బాపట్ల జిల్లా కిందకి వచ్చింది, 2022 దాకా ప్రకాశం జిల్లాలో ఉండేది. చూస్తే సరుగుడు తోటలు, తాటిచెట్లు, ఇసక దారి, మామూలు పల్లెటూరే అనిపిస్తుంది, కానీ ఏడెనిమిది వందల ఏళ్ళ కింద ఇది కాకతీయుల రాజ్యానికి సముద్రం వైపు తలుపు. చైనా కర్పూరం, ముత్యాలు, పగడాలు, ఏనుగు దంతాలు ఈ రేవులోనే దిగేవి. వెనిస్ యాత్రికుడు మార్కోపోలో రాసింది ఈ రేవు పేరు మీద పిలిచిన రాజ్యం గురించే. మన తెలుగు వాళ్ళు తంజావూరు, హంపి, మహాబలిపురం అన్నీ చూసొస్తాం, మన ఇంటి పక్కనే ఉన్న దీన్ని చూసినవాళ్ళు నా ఫ్రెండ్స్‌లో ఒక్కళ్ళు కూడా లేరు, అందుకే కొంచెం పెద్ద రివ్యూ రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందే ఒక మాట చెప్పేస్తా. ఇక్కడికి టూరిస్ట్ ప్లేస్ అనుకుని వెళ్తే డిసప్పాయింట్ అవుతారు. కోట లేదు, మ్యూజియం లేదు, లైట్ అండ్ సౌండ్ షో లేదు, సెల్ఫీ పాయింట్ లేదు. వీరభద్రస్వామి గుడి, కోదండరామస్వామి గుడి, ఊరు, ఊరి అవతల సముద్రం, అంతే. మరి ఎందుకు వెళ్ళమంటున్నా అంటే ఆ వీరభద్రస్వామి గుడి మండపంలో ఉన్న రాతి స్తంభం మీద గణపతిదేవ చక్రవర్తి వేయించిన శాసనం కోసం. అందులో ఏముందో తెలుసుకుని వెళ్తేనే ఈ ట్రిప్‌కి విలువ, తెలియకుండా వెళ్తే పది నిమిషాల్లో చూసేసి వచ్చేస్తారు, ఆ తర్వాత ఏముంది అక్కడ అంటారు.

ఏముందో చెప్తా. అది 1244-45 నాటి శాసనం, సంస్కృతంలోనూ తెలుగులోనూ ఉంటుంది, అభయ శాసనం అంటారు. అప్పట్లో సముద్రం మీద వ్యాపారం అంటే ప్రాణం మీద ఆశ వదులుకుని వెళ్ళడమే, గాలి తిరగబడితే ఓడ ఎక్కడికి కొట్టుకుపోతుందో తెలియదు. అలా తుఫానులో దారి తప్పి, పగిలి, ఏదో ఒక ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడలో ఉన్న సరుకంతా ఆ ఒడ్డు రాజుగారిదే అని రూల్. అంటే చావు తప్పించుకుని ఒడ్డుకి చేరినవాడికి ఒంటి మీద బట్ట తప్ప మిగిలేది కాదన్నమాట. గణపతిదేవుడు ఆ శాసనంలో సూటిగా చెప్తాడు, ఇంతకు ముందు రాజులు ఇలా కొట్టుకొచ్చిన ఓడల్లోంచి బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొత్తం బలవంతంగా లాక్కునేవాళ్ళు, మేం అలా చెయ్యం, ప్రాణం కంటే ధనం ముఖ్యమనుకుని ఇంత పెద్ద సాహసం చేసి వచ్చినవాళ్ళ మీద దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, ఫిక్స్ చేసిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్ళకే వదిలేస్తున్నాం అని. ఆ సుంకం ఎంతో కూడా దాంట్లోనే ఉంది, ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైకి ఒకటి. అంటే మూడు శాతం చిల్లర. మనం ఇప్పుడు మామూలు హోటల్లో భోజనం చేస్తే కట్టే జీఎస్టీ 5 శాతం, దాని కంటే తక్కువ.

నాకు ఇందులో బాగా నచ్చింది ఏంటంటే ఇది ఏదో గొప్పలు చెప్పుకునే రాజశాసనం లాగా ఆగిపోలేదు. కింద సరుకుల లిస్టు ఉంటుంది. గంధం, కర్పూరం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, తగరపు జాతి లోహాలు, సీసం, పట్టు నూలు, పగడాలు, సుగంధ ద్రవ్యాలు, మిరియాలు, ఒక్కోదానికి రేటు ఎంతో రాసి పెట్టారు, వక్కలకైతే లక్ష కాయలకి ఇంత అని లెక్క. అంటే రేవులో దిగిన వ్యాపారి ఎవడినీ బతిమాలక్కర్లేదు, సుంకం వసూలు చేసేవాడు నోటికొచ్చిన రేటు చెప్పడానికి లేదు, రాయి చూపిస్తే చాలు. రేట్లు అందరికీ కనపడేలా బయట రాసి పెట్టడం అనేది ఇప్పటికీ మనం చాలాచోట్ల అడుక్కోవాల్సిన విషయం, వీళ్ళు 13వ శతాబ్దంలోనే రాతి మీద చెక్కించారు. వరంగల్ లాంటి సముద్రం లేని చోట కూర్చున్న రాజుకి, ఇంత దూరంలో ఉన్న రేవులో ఏ పరదేశి ఓడ పగిలితే వాడి గతి ఏంటి అన్న ఆలోచన రావడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది, దయ ఉంది, దాంతోపాటు వ్యాపారం తెలిసిన బుర్ర కూడా ఉంది, ఎందుకంటే ఈ రేవులో సరుకు సేఫ్ అన్న మాట ఒకసారి నావికుల్లో పాకితే ఇక ఓడలన్నీ ఇటే వస్తాయి కదా.

ఇక స్తంభం దగ్గరికి వస్తే, చదవగలమా అంటే మొత్తం చదవలేం. పాత తెలుగు లిపి, మన అక్షరాలకీ కన్నడ అక్షరాలకీ మధ్యలో ఉన్నట్టు ఉంటుంది, తలకట్లు వేరేగా ఉంటాయి, పదాల మధ్య ఖాళీ ఉండదు, లైన్ అయిపోతే పదం మధ్యలోనే విరిగి కింద లైన్‌లోకి వెళ్ళిపోతుంది. ఎదురుగా నిలబడి చూస్తే అంతా ఒకటే గీతల్లాగా కనపడుతుంది. ఒక టిప్ చెప్తా, ఫోన్ టార్చ్ వేసి నేరుగా కొట్టకండి, పక్క నుంచి, రాయికి దాదాపు ఆనించినట్టు ఏటవాలుగా పట్టుకోండి. అప్పుడు చెక్కిన ప్రతి గీతలో నీడ పడి అక్షరాలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. మా బాబాయ్ టార్చ్ పట్టుకుంటే నేను ఒక్కో లైన్ మీద కళ్ళు జరుపుకుంటూ వెళ్ళాను, ర, న, వ లాంటివి పట్టుకోగలిగాం, కొన్ని చోట్ల మొత్తం పదం కూడా అందింది, ఆ అందినప్పుడు వచ్చే ఆనందం మాటల్లో చెప్పలేను. మా చెల్లి కూతురు తొమ్మిదో క్లాస్ చదువుతోంది, మొదట్లో బోర్ అంది, తర్వాత తనే టార్చ్ లాక్కుని అక్షరాలు వెతకడం మొదలుపెట్టింది, పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఇది ట్రై చెయ్యండి. రాతి మీద చెయ్యి పెట్టి రుద్దకండి, బొగ్గు, చాక్‌పీస్, పసుపు రుద్ది అక్షరాలు తేల్చాలని అసలు చూడొద్దు, అలా చేస్తే ఉన్న నాలుగు అక్షరాలు కూడా అరిగిపోతాయి.

గుడిలో పూజ జరుగుతుంటే అయ్యేదాకా ఆగండి, అది ఊరి వాళ్ళకి దేవుడి గుడి, మనకి మాత్రమే హిస్టరీ. మేం వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు, "ఏ ఊరు బాబూ మీది, రాతి మీద రాతలు చూసేదానికి వచ్చారా" అని ఆయనే పలకరించాడు. అవునండి అంటే లేచి వచ్చి మండపం అంతా తిప్పి చూపించాడు, "మా చిన్నప్పుడు ఈ ఇసకలో ఆడుకుంటా ఉంటే పాత పెంకులు దొరికేయి, మేం విసిరి ఆడుకునేవాళ్ళం" అన్నాడు. గైడ్ అంటూ ఎవరూ ఉండరు కాబట్టి ఇలాంటి పెద్దవాళ్ళతో మాట్లాడటమే ఇక్కడ గైడ్ సర్వీసు, మర్యాదగా అడిగితే చాలా ప్రేమగా చెప్తారు.

మార్కోపోలో సంగతి కూడా కొంచెం చెప్పాలి. ఆయన చైనా నుంచి తిరిగి వెళ్తూ 1290ల్లో దక్షిణ భారత తీరం మీదుగా వెళ్ళాడు, ముట్‌ఫిలి అని రాసుకున్న రాజ్యం మోటుపల్లి పేరు మీద పిలిచిందే అని చరిత్రకారులు చెప్తారు. ఇక్కడ ఒక రాణి పాలిస్తోందని, న్యాయంగా, ప్రజలు ప్రేమించేలా పాలించిందని రాశాడు, ఆ రాణి మన రుద్రమదేవి. చందుపట్ల శాసనం బట్టి 1289లోనే రుద్రమ పోయింది, కాబట్టి ఆయన విన్నది అప్పటికి కొంచెం పాత కబురు, ఓడల మీద కబుర్లు అలాగే కదా తిరిగేది. రుద్రమని ఆయన రాజు భార్య అనుకున్నాడు, నిజానికి గణపతిదేవుడి కూతురు. వజ్రాల గురించి లోయలు, పాములు, గద్దలు అంటూ పెద్ద కథ కూడా రాశాడు, అది కథే గానీ వజ్రాలు మాత్రం నిజమే, కృష్ణా ఒడ్డు గనుల వజ్రాలు ప్రపంచమంతా తెలుసు. ఇంకో మాట అన్నాడు, ఇక్కడ నేసే బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుంది, దాన్ని కట్టుకోవడానికి ఇష్టపడని రాజు గానీ రాణి గానీ ఉండరు అని. ఇప్పటికీ ఈ చుట్టుపక్కల చీరాల, పేరాల, వేటపాలెంలో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. దాని గురించి కింద రాస్తా.

కాకతీయుల తర్వాత కూడా రేవు ఆగలేదు. కొండవీటి రెడ్డిరాజుల్లో అనపోతారెడ్డి 1358లో మళ్ళీ మోటుపల్లిలో ఇలాంటి శాసనమే వేయించాడు, ఇక్కడికి వచ్చి స్థిరపడే వ్యాపారుల్ని గౌరవంగా చూస్తాం, ఉండాలంటే ఉండొచ్చు, వెళ్ళిపోవాలంటే వెళ్ళొచ్చు, బలవంతంగా ఆపం అని, కొడుకుల్లేకుండా చనిపోయిన వ్యాపారి ఆస్తి రాజు తీసుకునే పద్ధతి మానేస్తున్నాం అని. అందులో తమిళం కూడా ఉంది, ఎందుకంటే వచ్చే వ్యాపారుల్లో తమిళ దేశం వాళ్ళు చాలామంది. అదే వంశం రాజు కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకి సుగంధ ద్రవ్యాలు తెప్పించి ఇచ్చిన వ్యాపారి అవచి తిప్పయసెట్టి కూడా ఈ రెడ్డిరాజుల కాలం వాడే, ఆయన హోర్ముజ్ గుర్రాలు, సింహళం ఏనుగులు, చైనా పట్టు తెప్పించేవాడని చెప్తారు. వంద ఏళ్ళ తర్వాత వేరే వంశం రాజు వచ్చి పాత రాజు ఇచ్చిన మాటని మళ్ళీ రాతి మీద చెక్కించాడంటే ఆ మాట ఎంత పని చేసిందో చూడండి.

సరే, ఇప్పుడు అసలు సర్వీసుల రివ్యూ. ఎలా వెళ్ళాలంటే, చీరాలకి విజయవాడ నుంచి రైల్లో సుమారు 90 కిలోమీటర్లు, మద్రాసు లైన్ కాబట్టి రైళ్ళకి కొదవలేదు, చాలా ఎక్స్‌ప్రెస్‌లు ఆగుతాయి. అక్కడి నుంచి ప్యాసింజర్ దొరికితే చినగంజాంలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు, టైమింగ్స్ ముందే చూసుకోండి. సొంత కారు ఉంటే ఒంగోలు హైవే మీద వచ్చి లోపలికి తిరగడమే. లోపలి రోడ్డు సన్నగా ఉంటుంది, ఎదురుగా ధాన్యం ట్రాక్టర్ వస్తే దిగి దారి ఇవ్వాలి, సముద్రం వైపు వెళ్ళే చివరి ముక్క ఇసక, చిన్న కార్లు అక్కడే ఆపి నడిచి వెళ్ళడం మంచిది, ఇసకలో దిగబడితే లాగడానికి మనుషుల్ని వెతుక్కోవాలి.

మేం మొదటిసారి వెళ్ళింది మాత్రం ఒక ట్రావెల్స్ వాళ్ళ డే ప్యాకేజీలో, పేరు రాయను, హెరిటేజ్ అండ్ బీచ్ టూర్ అని అమ్మారు. పొద్దున ఎక్కించుకుని నేరుగా బీచ్‌కి, అక్కడ మూడు గంటలు, భోజనం, మళ్ళీ ఇంకో బీచ్, సాయంత్రం లైట్ పోయే టైమ్‌కి మోటుపల్లి, అది కూడా పావుగంట. డ్రైవర్‌కి గుడి ఎక్కడో తెలియదు, శాసనం అంటే ఏ శాసనం సార్ అని మమ్మల్నే అడిగాడు, పాపం అతన్ని అనడానికి లేదు, అతనికి చెప్పి పంపినవాళ్ళు లేరు. డబ్బులు తీసుకుని హెరిటేజ్ అని పేరు పెట్టినప్పుడు కనీసం ఒక పేజీ ప్రింటవుట్ అయినా చేతిలో పెట్టాలి కదండి. గణపతిదేవుడు వక్కల రేటు కూడా ముందే రాసి పెట్టిన చోటుకి తీసుకెళ్తూ, వీళ్ళు దారిలో టోల్ ఎక్స్‌ట్రా, పార్కింగ్ ఎక్స్‌ట్రా అని ముందు చెప్పని లెక్కలు చెప్పారు, నాకు నిజంగా బాధేసింది. అందుకే రెండోసారి బాబాయ్ కారులో మేమే వెళ్ళాం, పొద్దున్నే, తీరిగ్గా. నా సలహా కూడా అదే, ప్యాకేజీ వద్దు, చీరాలలో రాత్రి ఉండి పొద్దున్నే బయల్దేరండి, అంత కావాలంటే తెలిసినవాళ్ళ ఆటో మాట్లాడుకుని ఫలానా టైమ్ దాకా మాతో ఉండాలి అని ముందే చెప్పి రేటు ఖాయం చేసుకోండి.

సౌకర్యాలు చాలా తక్కువ, ఇది ఓపెన్‌గా చెప్పాలి. ఊళ్ళో చిన్న కొట్లు ఉన్నాయి, టీ, బిస్కెట్లు, వాటర్ ప్యాకెట్లు దొరుకుతాయి, భోజనం హోటల్ అనుకుని వెళ్ళకండి. టాయిలెట్ విషయం ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళు చీరాలలోనో చినగంజాంలోనో చూసుకుని బయల్దేరాలి. శాసనంలో ఏముందో ఈ రోజు భాషలో చెప్పే వివరం మాకు స్తంభం దగ్గర ఎక్కడా కనపడలేదు, ఇదే నాకు అన్నిటికంటే పెద్ద లోటు. రెండు పేజీల విషయం, తెలుగులో నాలుగు ముక్కల్లో రాసి పెడితే వచ్చిన ప్రతివాడూ చదువుకుని ఛాతీ విరుచుకుని వెళ్తాడు. ఊళ్ళో బడి పిల్లల చేత చదివించి చెప్పిస్తే ఇంకా బాగుంటుంది, వాళ్ళ ఊరి రాయి వాళ్ళ నోటితో వింటే ఆ అందమే వేరు.

ఊరి నుంచి సముద్రం వైపు వెళ్తే సరుగుడు తోటల మధ్య నుంచి దారి. గాలికి ఆ తోటలు చేసే హోరు, అవతల అలల హోరు కలిసిపోయి ఏది ఏదో తెలియదు. ఇక్కడ రేవు అంటే కాకినాడ, విశాఖ లాగా లోతైన హార్బర్ ఊహించుకోకండి, తీరం అంతా సాపుగా ఉన్న ఇసకే, వెనకటి రోజుల్లో పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే చిన్న పడవలు వెళ్ళి సరుకు దించుకొచ్చేవి, మన కోస్తా రేవులు చాలావరకు అలా నడిచినవే. కట్టడాలు పెద్దగా మిగలకపోవడానికి అది కూడా ఒక కారణం అనుకుంటా.

ఒడ్డున ఇప్పుడు ఫైబర్ బోట్లు, ఇంజన్లు, నీలం వలల గుట్టలు. మేం వెళ్ళిన పొద్దున ఒక బోటు అప్పుడే ఒడ్డెక్కింది, నలుగురు మనుషులు అలతో పాటు తోసి పైకి లాగారు, వలలోంచి కానాగంతలు, కవళ్ళు విడదీస్తున్నారు, మధ్యమధ్యలో పీత తగిలితే దాని డెక్క తగలకుండా వల దారాల్ని ఎంత ఒడుపుగా తప్పిస్తారో, చూస్తూ నిలబడిపోయాం. వేళ్ళ చివర్లు ఉప్పుకి, దారానికి కోసుకుపోయి తెల్లగా ఉన్నాయి. పక్కనే ఆడవాళ్ళు ఇసక మీద పాత వల పరిచి నెత్తళ్ళు ఆరబోస్తున్నారు, ఒక చేత్తో కాకుల్ని తోలుతూ ఇంకో చేత్తో తిరగేస్తున్నారు. బోటు వాళ్ళలో ఒకతన్ని అన్నా, వాతావరణం సంగతి ఎట్లా తెలుస్తుంది అని అడిగితే ఫోన్ తీసి చూపించాడు, మెసేజ్ వస్తుంది, అయినా మా నాన్న ఆకాశం చూసి వెళ్ళొద్దంటే వెళ్ళను అన్నాడు. 2004 సునామీ గురించి కూడా చెప్పాడు, బోట్లు, వలలు ఎలా పోయాయో, మళ్ళీ అప్పు చేసి ఎలా కొనుక్కున్నారో. అభయ శాసనం గురించి ఆయనకి చెప్పాను, తుఫానుకి కొట్టుకొచ్చినవాడి సరుకు ముట్టుకోవద్దని రాజు రాయించాడు అంటే, కాసేపు ఆగి "అట్టాంటి రాజు ఉండాలి సార్, సముద్రంలో పోయేవాడికే తెలుస్తది అది ఎంత మాటో" అన్నాడు. ఎన్ని పుస్తకాలు చదివినా ఆ శాసనానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు దొరకలేదు.

రెండు జాగ్రత్తలు. ఈతకి దిగొద్దు, మేం వెళ్ళినప్పుడు చుట్టుపక్కల గార్డు ఎవరూ కనపడలేదు, అలల లాగుడు పైకి కనిపించేదాని కంటే ఎక్కువ ఉంటుంది, మోకాలు దాకా చాలు. రెండోది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, ఆ టైమ్‌లో బోట్లు ఒడ్డునే ఉంటాయి, ఎండ కూడా ఘోరం, అప్పుడు వెళ్ళొద్దు. అక్టోబర్, నవంబర్‌లో తుఫాను హెచ్చరికలు చూసుకోండి. డిసెంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది.

దారిలో చినగంజాం ఉప్పు కొఠార్ల దగ్గర ఒక అరగంట ఆగండి. ఉప్పు నీళ్ళు మళ్ళలోకి పెట్టి ఎండకి ఆరబెట్టి, పేరుకున్న ఉప్పుని చెక్క పలకలతో గట్టుకి లాగి తెల్లటి గుట్టలు పోస్తారు, మధ్యాహ్నం ఆ తెలుపు మీద కళ్ళు నిలబడవు, పనివాళ్ళు పొద్దున్నే వచ్చి ఎండ ముదిరేలోపు వెళ్ళిపోతారు. అడిగి లోపలికి వెళ్ళండి, గట్ల మీద జాగ్రత్తగా నడవండి, ఫోటోల కోసం మళ్ళలో కాలు పెడితే వాళ్ళ కష్టం పాడవుతుంది.

వేటపాలెంలో సారస్వత నికేతనం లైబ్రరీ తప్పకుండా చూడాలి, 1918లో పెట్టింది, పాత తెలుగు పత్రికలు చూడాలంటే రాష్ట్రంలో ఇంతకంటే మంచి చోటు కష్టం. గాంధీగారు వచ్చినప్పుడు విరిగిన ఆయన చేతికర్ర కూడా అక్కడే దాచిపెట్టారు. సెలవులు చూసుకుని వెళ్ళండి. జీడిపప్పు కూడా వేటపాలెంలోనే కొనండి, గుండు, బద్ద, ముక్క అని వేరువేరుగా అమ్ముతారు, పాయసానికి, కూరకి బద్ద చాలు, గుండుకి అనవసరంగా ఎక్కువ పెట్టకండి. ఒక పప్పు నోట్లో వేసుకుని చూసి కొనండి, ఎవరూ ఏమనరు.

చీరాలలో బట్టల కొట్లకి వెళ్తే అందరూ చీరలే అడుగుతారు, మీరు తేలియా రుమాలు గురించి అడగండి. నూలుకి నూనె పట్టించి, ఎరుపు, నలుపు, తెలుపుల్లో చిటికీ పద్ధతిలో, అంటే నూలుకి ముందే ముడులు కట్టి రంగులు అద్ది నేసే చదరపు గుడ్డ అది, ఒకప్పుడు చీరాల నుంచి ఓడల మీద అరబ్ దేశాలకి, ఆఫ్రికా తీరానికి వెళ్ళేది, అక్కడ తలపాగాకి వాడేవాళ్ళు. మోటుపల్లి రేవు మూతపడిన ఎన్నో వందల ఏళ్ళ తర్వాత కూడా ఈ తీరం నేత సముద్రం దాటుతూనే ఉందన్నమాట. ఇప్పుడు నేసేవాళ్ళు బాగా తగ్గిపోయారు, ఆ పని ఎక్కువగా తెలంగాణలో పుట్టపాకలో నడుస్తోంది. మాకు ఒక కొట్లో పాతది ఒకటి చూపించారు, మడత విప్పగానే ఆ నూనె వాసన, అమ్మడానికి కాదు చూడ్డానికే అన్నారు, ముట్టుకోనిచ్చారు, అది చాలు.

తిండి సంగతి, భోజనం చీరాలలోనే చెయ్యండి, బస్టాండ్, స్టేషన్ చుట్టుపక్కల మెస్సులు చాలా ఉన్నాయి. మేం తిన్నచోట చందువ వేపుడు కంటే కానాగంతల పులుసు బాగుంది, చింతపండు గట్టిగా పడింది, ముక్క చెదరలేదు, అన్నం రెండోసారి అడగకుండానే పెట్టారు. ఖరీదైన చేప కదా అని వంజరం, చందువ వెనక పడకండి, ఆ రోజు ఒడ్డుకి ఏం వచ్చిందో అడిగి అది తినండి.

రేటింగ్ ఇవ్వాలంటే చూడాల్సిన విషయానికి ఐదుకి ఐదు, సౌకర్యాలకి ఒకటిన్నర, ఊరి వాళ్ళకి ఐదు కంటే ఎక్కువ ఇచ్చే వీలుంటే ఇస్తా. చిన్న పిల్లలతో బీచ్ పిక్నిక్ కోసం అయితే వాడరేవే బెటర్. చరిత్ర ఇష్టమున్నవాళ్ళు, హైస్కూల్ పిల్లలున్నవాళ్ళు, టీచర్లు మాత్రం ఒక పూట కేటాయించుకుని వెళ్ళండి. బయల్దేరే ముందు శాసనం పాఠం, దాని అర్థం ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి, ఊళ్ళో కొన్నిచోట్ల సిగ్నల్ సరిగ్గా రాదు. వీలైతే రెండు ప్రింట్లు తీయించుకెళ్ళి ఒకటి గుడి దగ్గర కూర్చునే పెద్దవాళ్ళ చేతిలో పెట్టండి, మీ తర్వాత వచ్చేవాళ్ళకి వాళ్ళే చదివి చెప్తారు.